బొప్పాయి ఉంగర తెగులు – పదిమంది కలిసి పట్టిన పని



ఈ పూట బొప్పాయి తోటలకు వచ్చే ఉంగర తెగులును గురించీ, దాని పని పట్టడానికి కొందరు శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కలిసి చేసిన కృషిని గురించీ చెప్పదలచుకున్నాను. అంతకంటె ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రిందట అనంతపురం వైపు ఒక బొప్పాయి తోటకు పోయినాను. రైతు వయసు మళ్ళిన మనిషి. అంతకు నెల ముందు ఆయనకు పేనుబంక మందు వ్రాసి ఇచ్చినది నేనే. నన్ను చూడగానే ఆయన కోప్పడలేదు, కూర్చోమని కూడా అనలేదు. నేరుగా చెట్టు దగ్గరకు తీసుకొనిపోయి ఆకు తిరగేసి పట్టుకున్నాడు.

“మీరు రాసిచ్చిన మందే మూడు తూర్లు కొట్టినాను సార్. పేను ఒక్కటుంటే చూపించండి. ఒక్కటి గూడా లేదు. ఆకులు మాత్రం పండుబారతానే ఉండాయి. ఇదేం మాయరోగం?”

వెదికితే నిజంగానే ఒక్క పేను కనపడలేదు. నా దగ్గర జవాబూ లేకపోయినది. తరువాత పుస్తకాలు తిరగేసి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను. ఆ రైతుకు ఆనాడు చెప్పలేకపోయిన జవాబే ఇవాళ మీకు చెబుతున్నాను.

ఈ తెగులు వైరస్ వలన వస్తుంది. లేత ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన మచ్చలు పడతాయి. ఆకు తమ్మెలు సన్నబడి దారాల్లాగా తయారవుతాయి. ఆకు కాడల మీద, కాండం పై భాగాన నూనె పూసినట్లు ముదురు చారలు కనిపిస్తాయి. కాయ మీద ఉంగరాల్లాంటి గుండ్రని గుర్తులు లేస్తాయి, తెగులుకు ఆ పేరు అందువలననే వచ్చినది. కాయలో తీపి తగ్గుతుంది. లేత వయసులో సోకితే ఆ చెట్టు కాపుకే రాదు. ఆకులు క్రిందికి ముడుచుకొని గరుకుబారి, తెల్లదోమ కూడా కనిపిస్తే అది ఆకుముడత తెగులు. అది వేరు, ఇది వేరు. విస్తరణ కార్యకర్తలు ఈ తేడాను కాస్త గమనించవలెను.

ఇక పేనుబంక సంగతి. ఈ వైరస్‌ను చెట్టు నుండి చెట్టుకు మోసేది పేనుబంకే. అయితే ఆ పురుగు బొప్పాయి చెట్టు మీద కాపురం పెట్టదు. రెక్కల పేను ఎక్కడి చేను నుండో ఎగిరి వచ్చి ఆకు మీద వాలుతుంది, ముక్కుతో పొడిచి రుచి చూస్తుంది, నచ్చక ఎగిరిపోతుంది. ఆ రుచి చూడడంలోనే పని జరిగిపోతుంది. రోగపు ఆకును కొన్ని సెకండ్లు పొడిస్తే వైరస్ దాని ముక్కుకు అంటుకుంటుంది. మరి కొన్ని సెకండ్లలో పక్క చెట్టుకు ఎక్కుతుంది. మన మందు దానిని చంపుతుంది, నిజమే. కాని చచ్చేలోపల అది అంటించవలసినది అంటించి ఉంటుంది. రైతు మూడుసార్లు మందు కొట్టినా తెగులు ఎందుకు ఆగలేదో ఇప్పుడు అర్థమయినది గదా! ఆయన డబ్బు పోవడానికి నా చీటీయే కారణం.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. పసిఫిక్ సముద్రం నడుమ హవాయి దీవులున్నవి, అమెరికా దేశంలో ఒక రాష్ట్రం. అక్కడ ఓఅహు అనే దీవిలో బొప్పాయి బాగా పండేది. 1940ల నుండి ఈ తెగులు అక్కడ ప్రవేశించి, 1950లలో తోటలను తుడిచిపెట్టినది. రైతులు ఏం చేస్తారు? ఆ దీవి వదలి హవాయి పెద్దదీవిలో పూనా అనే సీమకు పోయినారు. పూనాలో ఏడాదికి సుమారు 100 అంగుళాల వాన. నేల అంతా అగ్నిపర్వతం కక్కిన లావా రాయి. మన కంటికి అది పొలంలాగానే ఉండదు, నల్లరాతి గుట్టలాగా ఉంటుంది. ఆ రాయిని చితగ్గొట్టి, అందులోనే నాటుతారు. ‘కపోహో’ అనే పసుపు కండ రకం ఆ రాతినేలకు చక్కగా అలవాటుపడినది. చివరకు హవాయి బొప్పాయిలో నూటికి 95 వంతులు ఆ ఒక్క సీమలోనే పండే స్థితి వచ్చినది.

ఒకే సీమ, చాలా వరకు ఒకే రకం. తెగులేమో 1970ల నాటికే అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన హీలో పట్టణపు పెరటి చెట్లలోకి వచ్చి కూర్చున్నది. ప్రభుత్వం వారు పెరళ్ళలో తిరిగి రోగపు చెట్లను కొట్టివేయిస్తూ, అది పూనా గట్టు దాటకుండా ఏళ్ళ తరబడి కాపలా కాశారు.

ఇక్కడ డెన్నిస్ గొన్సాల్వెస్ అనే ఆయన కథలోకి వస్తాడు. హవాయి పెద్దదీవిలో చెరకు తోటల నడుమ పుట్టి పెరిగిన మనిషి. చదువుకొని, మొక్కల వైరస్ శాస్త్రంలో ఆరితేరి, 1977లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. జెనీవా అనే ఊళ్ళో ఆ విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉన్నది. చలికాలంలో మంచు కప్పే ప్రదేశం. బొప్పాయి బయట బ్రతకదు, అద్దాల ఇంట్లో వెచ్చగా పెంచాలి. అటువంటి చోట కూర్చొని ఆయన 1970ల చివరలో బొప్పాయి వైరస్ మీద పని మొదలుపెట్టినాడు. అప్పటికి పూనాలో ఒక్క తోటకూ తెగులు లేదు. ‘వచ్చినప్పుడు చూసుకుందాం’ అని ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు.

మొదట పట్టిన దారి టీకా దారి. మనుషులకు మశూచి రాకుండా ఆవు మశూచి రసం అంటించేవారు గదా, అదే ఉపాయం. వైరస్‌లో నెమ్మదైన రకాన్ని పట్టి లేతనారుకు అంటిస్తే, తరువాత దుష్టరకం వచ్చినా ఎక్కదు. మరి నెమ్మదైన రకం ఎక్కడ దొరుకుతుంది? తైవాన్ నుండి చదువుకోవడానికి వచ్చిన షీ-డాంగ్ యే అనే విద్యార్థి ఆ పనికి పూనుకున్నాడు. తెగులు సోకిన గుమ్మడి జాతి ఆకుల రసాన్ని నైట్రస్ ఆమ్లంతో కలిపి వైరస్‌ను కొంత చెదరగొట్టి, ఆ రసాన్ని క్వినోవా మొక్క ఆకుల మీద రుద్దేవాడు. క్వినోవా అంటే మన చక్రవర్తి కూరకు చుట్టం. దాని ఆకు మీద వైరస్ తాకిన చోటల్లా విడివిడిగా మచ్చలు లేస్తాయి. ఒక్కొక్క మచ్చను విడిగా తీసి, బొప్పాయి మొక్కకు అంటించి, రోజుల తరబడి చూడాలి. అలా 663 మచ్చలు తీశాడు. వాటిలో చెట్టును పెద్దగా బాధించని రకాలు రెండంటే రెండే దొరికినవి. అందులో ఒకదాని పేరు ‘హెచ్.ఎ. 5-1’. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

టీకా పని చేసినది, కాని రైతు కోరినంతగా చేయలేదు. తైవాన్‌లో విస్తారంగా వాడి చూశారు. చుట్టూ తెగులు ఉధృతంగా ఉన్న చోట రక్షణ నిలువలేదు. పైగా ప్రతి నారుమొక్కకూ విడిగా అంటించాలి. హవాయి రైతులకు అది నచ్చలేదు. వారు అన్నది సబబే అని నేననుకుంటాను. తోట వేసే వాడికి ఎంత పని పెరుగుతుందో ప్రయోగశాలలో కూర్చున్నవాడికి ఒక పట్టాన తెలియదు.

అంతలో 1986లో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోజర్ బీచీ, ఆయన తోటివారు పొగాకు మొక్క మీద ఒక సంగతి నిరూపించారు. వైరస్ అంటే వేరుశెనగ కాయలాంటిది అనుకోండి. పైన తొక్క, లోపల గింజ. తొక్క మాంసకృత్తుతో చేసినది, గింజ వైరస్ తాలూకు వంశలిపి. ఆ తొక్కను తయారుచేసే జన్యువు ఒక్కదాన్ని తీసి మొక్కలో పెడితే, ఆ మొక్కకు వైరస్ సోకడం ఆలస్యమవుతున్నదని వారు చూపించారు. పొగాకులో కుదిరినది బొప్పాయిలో ఎందుకు కుదరదు అని గొన్సాల్వెస్ బృందం ఆలోచించినది.

ఆలోచన సులభమే. పని మాత్రం ఒక్కరి వలన అయ్యేది కాదు. వైరస్ తెలిసినవాడికి బొప్పాయి పెంపకం తెలియదు, బొప్పాయి తెలిసినవాడికి జన్యువును కోయడం తెలియదు. కాబట్టి పని పంచుకున్నారు. తొక్క జన్యువును విడదీసే పని మిషిగన్ రాష్ట్రంలో అప్‌జాన్ అనే మందుల కంపెనీలో ఉన్న జెర్రీ స్లైటమ్ తీసుకున్నాడు. ఆ జన్యువును దేనినుండి తీశారో తెలుసా? యే పట్టిన ఆ ‘హెచ్.ఎ. 5-1’ నుండే! టీకాగా రైతుకు పనికిరాదన్న రకమే ఇక్కడ మూలధనమయినది.

బొప్పాయి వైపు పని హవాయి విశ్వవిద్యాలయంలో ఉద్యాన శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మాన్‌షార్ట్‌ది, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మౌరీన్ ఫిచ్ అనే విద్యార్థినిది. నన్నడిగితే అందరిలోకీ కష్టమైన భాగం ఈమెకు వచ్చినది. జన్యువు పెట్టడం ఒక ఎత్తు, పెట్టిన చిన్న కణం నుండి పూర్తి చెట్టును లేపడం ఇంకొక ఎత్తు. ఆమె ముందు ఆకు ముక్కలతో ప్రయత్నించినది. చెట్టు లేవలేదు. అప్పుడు దారి మార్చి, పచ్చికాయ కోసి, లేత గింజల లోపలి పిండాలను తీసి, సీసాల్లో పెంచి, వాటినుండి గుంపులు గుంపులుగా కొత్త పిండాలు పుట్టే పద్ధతి సాధించినది.

జన్యువును ఆ పిండాల్లోకి ఎక్కించడానికి ఒక తుపాకి కావలసి వచ్చినది. తుపాకి అంటే తుపాకియే! గొన్సాల్వెస్ పనిచేసే ఆ జెనీవాలోనే జాన్ శాన్‌ఫర్డ్ అనే ఆయన ‘జీన్ గన్’ అనే యంత్రం తయారుచేశాడు. పాత కరెంటు బల్బులో తీగ ఏ లోహమో, ఆ టంగ్‌స్టన్‌ను అతి సన్నని పొడి చేసి, దానికి జన్యువు పూసి, కణాల మీద పేల్చడం. హవాయి పిండాలు, మిషిగన్ జన్యువు, న్యూయార్క్ తుపాకి – మూడూ ఒకచోట కలిసినవి.

1991 నాటికి కొన్ని మొక్కలు లేచినవి. వాటికి కావాలని తెగులు అంటించి చూశారు. చాలా వాటికి సోకినది. ‘55-1’ అని అంకె వేసిన వరుస మొక్కకు మాత్రం సోకలేదు. ‘సన్‌సెట్’ అనే ఎర్రకండ రకం నుండి వచ్చిన మొక్క అది. అన్నేళ్ళ పనికి గట్టిగా చేతికి వచ్చినది ఒక్క వరుస.

1992 ఏప్రిల్‌లో ఆ వరుసను ఓఅహు దీవిలో వైమనాలో అనే చోట పొలంలో నాటారు. తెగులు ఎప్పటినుండో తిష్ఠవేసిన దీవి గనుక పరీక్షకు తగిన చోటు. మరుసటి నెల, 1992 మే నెలలో, పూనాలో పహోవా అనే ఊరి తోటల్లో తెగులు కనబడినది.

ఇరవై ఏళ్ళు కాచిన గట్టు తెగినది. రోగపు చెట్లను నరికించారు. కొందరు రైతులు నరికారు, కొందరు ఆశ చావక ఉంచుకున్నారు, కొందరు తోటను అలాగే వదిలేసి పోయినారు. ఆ వదిలేసిన తోటలే తెగులుకు గాదెలయినవి. 1994 చివరకు ఇక నరికి లాభం లేదని ప్రభుత్వం ఆ పని మానుకున్నది. 1992లో పూనా పంట 5 కోట్ల 30 లక్షల పౌండ్లు, 1998 నాటికి అది దాదాపు సగానికి పడిపోయినది. తోటలోకి పోతే ఆకులు లేని కర్రలు నిలబడి ఉండేవి.

వైమనాలో పొలంలో మాత్రం 1992 ఆఖరుకు పక్కనున్న మామూలు మొక్కలు దాదాపు అన్నిటికీ తెగులు వస్తే, 55-1 మొక్కలు పచ్చగా నిలబడినవి. అయితే పూనా రైతుకు, వ్యాపారికి కావలసినది పసుపు కండ రకం. మాన్‌షార్ట్ 55-1 నుండి ‘సన్‌అప్’ అనే రకం స్థిరపరచి, దానిని కపోహోతో సంకరం చేశాడు. ఆ సంకరం పేరు ‘రెయిన్‌బో’. కండ పసుపు, తెగులుకు తట్టుకునే గుణం సన్‌అప్‌ది. 1995లో హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ ఫెరేరా పూనాలోనే, తెగులు మండిపోతున్న చోట, పెద్ద పరీక్ష పెట్టించాడు. మామూలు చెట్లు ఏడాదికి ఎకరానికి సుమారు 5,000 పౌండ్ల అమ్మకపు కాయ ఇస్తే, రెయిన్‌బో సుమారు 1,25,000 పౌండ్లు ఇచ్చినది. పైనుండి తీసిన ఫోటోలో చుట్టూ పసుపుబారిన బక్కచెట్ల నడుమ పచ్చని దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. ఫోటో చూసినవారికి లెక్కలు చెప్పనక్కరలేదు.

ఆపైన మూడు ప్రభుత్వ సంస్థల అనుమతులు, జన్యువు మీద హక్కులున్న కంపెనీలతో ఒప్పందాలు. అందులో రెండేళ్ళు పోయినవి. 1998 మే 1వ తేదీన విత్తనం రైతులకు ఉచితంగా పంచారు. తెగులు పూనాకు వచ్చి అప్పటికి ఆరేళ్ళు. వచ్చిన రోజున పని మొదలుపెట్టి ఉంటే విత్తనం ఎప్పటికి చేతికి అందేదో మీరే లెక్క వేసుకోండి.

అంతా సాఫీగా పోయిందని అనుకోవద్దు. జన్యువు మార్చిన కాయ మాకు వద్దన్నవారు ఉన్నారు. రసాయనాలు లేకుండా పండించే తోటలవారు, మా చెట్లకు ఆ పుప్పొడి వచ్చి పడుతున్నదని అభ్యంతరం చెప్పారు. వారి బాధ వట్టిది కాదు. జపాన్ దేశం 2011 దాకా ఆ కాయను రానివ్వలేదు, కాబట్టి జపానుకు పంపేవారు మామూలు రకాన్నే తెగులుతో కుస్తీ పడుతూ పండించవలసి వచ్చినది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఆ విత్తనం మనకు తెప్పించుకోవచ్చును గదా అని. వీలు లేదు. ఒకటి, అటువంటి బొప్పాయి సాగుకు మన దేశంలో అనుమతి లేదు. ఎవరైనా సంచిలో తెచ్చి అమ్మజూపితే కొనవద్దు. రెండవది అంతకంటె ముఖ్యం. అదే గొన్సాల్వెస్ ప్రయోగశాలలో పౌలా టెన్నెంట్ అనే జమైకా దేశపు విద్యార్థిని ఆ 55-1 మొక్కలకు వేరువేరు దేశాల వైరస్‌లు అంటించి చూసినది. హవాయి వైరస్‌ను అవి తట్టుకున్నవి. ఇతర దేశాల నుండి తెచ్చిన చాలా వైరస్‌లకు లొంగిపోయినవి. కారణం ఏమిటంటే, మొక్కను కాపాడుతున్నది మొదట అందరూ అనుకున్నట్లు ఆ తొక్క మాంసకృత్తు కాదు. మొక్క తనలో పెట్టిన జన్యువు పోలికను పట్టుకొని, అదే పోలిక ఉన్న వైరస్ లిపి కనబడితే కోసి పారేస్తుంది. పోలిక తగ్గితే గుర్తుపట్టదు. తమ ఘనవిజయం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ చేయదో ఆ బృందమే పరీక్షించి అచ్చువేయించినది. నాకు వారి మీద గౌరవం ఇంకా పెరిగినది ఇక్కడే.

కాబట్టి మన తోటలో మనం చేయవలసినది వేరే ఉన్నది. నారును సన్నకన్ను నైలాన్ వల క్రింద పెంచండి, పురుగు వాలకుండా. ఈ తెగులు విత్తనం ద్వారా సామాన్యంగా రాదు, నేల ద్వారా రాదు. అంటే వలలోనుండి బయటికి వచ్చేదాకా మొక్క శుభ్రంగా ఉంచుకోవడం మీ చేతిలో పని. తోట చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని దగ్గరగా వేయండి. బొప్పాయి నాటడానికి నెల ముందే వేస్తే, నాటేసరికి అడ్డుగోడలాగా లేచి ఉంటుంది. ఎగిరి వచ్చే పేను ముందు దాని మీద వాలి, అక్కడ పొడిచి, ముక్కుకు అంటిన వైరస్‌ను అక్కడే తుడుచుకుంటుంది. జొన్నకు ఈ వైరస్ రాదు. తోటలో గాని, గట్టున గాని గుమ్మడి, దోస, సొర జాతి పాదులు పెట్టవద్దు. తెగులు మొక్క ఒకటి కనబడితే ఆ పూటే పీకి కాల్చండి. రేపు చూద్దామనుకుంటే పక్క చెట్టుకు అంటుతుంది. మీ పక్క చేనివాడు పాడుబడ్డ తోటను అలాగే నిలబెట్టి ఉంటే, పోట్లాడకుండా పోయి మాట్లాడండి. అవసరమైతే మీరే నలుగురు కలిసి నరికి పెట్టండి.

ఆ అనంతపురం రైతు మరుసటి ఏడు ఈ పద్ధతులన్నీ చేశాడు. నారు వలలో పెంచాడు, చుట్టూ మూడు వరుసల జొన్న వేశాడు, పక్కన వదిలేసిన తోటను తన కూలీలతోనే తీయించాడు. ఆ తోటకు తెగులు రాలేదని చెప్పను. వచ్చినది. కాని చాలా కోతలు అయిన తరువాత వచ్చినది. నన్ను చూసి ఈసారి మంచం వాల్చి కూర్చోమన్నాడు.

“మందు చీటీ రాయబాకండి సార్, కాయ తినండి,” అన్నాడు.